కరణం పోయాడు, కవిలె కట్ట పోలేదు

(పల్లె గొంతు – 14వ భాగం)



పోయిన భాగంలో శ్మశానాల గురించి రాస్తే చాలామంది ఫోన్లు చేశారు. ఈసారి కంప్యూటర్ల గురించి రాస్తానంటే మాచర్ల తమ్ముడొకడు నవ్వాడు. "అన్నా, మనకి పూడ్చుకోడానికే జాగా లేదు, సర్వర్లు ఎందుకన్నా" అన్నాడు. ఆ తమ్ముడికి జవాబుగానే ఇది రాస్తున్నా. పొడుగవుద్ది. ఓపిక పట్టి చివరిదాకా చదవండి.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకుంటా.

గురజాల వైపు ఒక ఊరు. పేరు చెప్పను. పల్లె మీద దాడి జరిగింది. కేసు పెట్టించటానికే మూడు రోజులు స్టేషన్ ముందు కూర్చోవాల్సి వచ్చింది. చివరికి అట్రాసిటీ కేసు కట్టారు. సాక్ష్యం చెప్తామని పదకొండు మంది ముందుకొచ్చారు. పల్నాడులో పదకొండు మంది సాక్షులు దొరకటం అంటే ఏందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి నంబర్లు నేనే కూర్చుని టైపు చేశా. లాయరుకు, పెద్దలకు అందరికీ ఒకేసారి చేరుద్ది గదా అని సంఘం గ్రూపులో పెట్టా. గ్రూపులో రెండొందల మంది పైన ఉన్నారు. సాయంత్రం ఆరింటికి పెట్టా. రాత్రి తొమ్మిదింటికి ఒక పెద్దమ్మకు ఫోన్ వచ్చింది. "ఏం పెద్దమ్మా, నీ పేరు మూడో నంబరు కాడ ఉందంట గదా?"

మూడో నంబరు. నేను టైపు చేసిన వరసే అది.

తెల్లారేసరికి పదకొండు మందిలో నలుగురు మిగిలారు.

ఎవడూ హ్యాక్ చేయలా. రెండొందల మందిలో ఒకడు స్క్రీన్‌షాట్ తీసి పంపాడు. వాడు మనవాడే. వాడికి ఎవరి పొలంలో పనుందో, ఎవరి దగ్గర అప్పుందో నాకు తెలుసు కాబట్టి వాడి మీద కూడా నాకు పూర్తిగా కోపం రాలేదు. కోపం నా మీదే వచ్చింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ తెచ్చి 15ఎ అనే సెక్షన్ చేర్చారు. 2016 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది. బాధితుల, సాక్షుల రక్షణ అందులో ఉంది. సాక్షి పేరు, చిరునామా బయటపడకుండా కోర్టు ఏర్పాట్లు చేయొచ్చని కూడా ఉంది. ఎంతమంది పోరాడితే వచ్చిన సెక్షన్ అది! దాన్ని నేను మూడు గంటల్లో రద్దు చేశా, నా బొటనవేలితో.

తమ్ముడూ, సర్వర్లు ఎందుకంటే ఇందుకు.

*

ఇప్పుడు కొంచెం వెనక్కి పోదాం.

మా తాతల కాలంలో ఊరి సమాచారం ఎవరి చేతిలో ఉండేది? కరణం చేతిలో. ఏ పొలం ఎవరిది, ఏ గట్టు ఎక్కడిది, ఎవరు శిస్తు బాకీ, అంతా ఆయన కవిలె కట్టలో ఉండేది. ఆ కట్ట మోసేది ఎవరు? వెట్టి చేసే మాలోడు. అందులో రాసిన హుకుం ఊరంతా వినపడేట్టు డప్పు కొట్టి చాటేది ఎవరు? మాదిగోడు. కట్ట మోసిన భుజం మనది, చాటింపు వేసిన గొంతు మనది. కట్ట విప్పి చదివే హక్కు మాత్రం మనకు లేదు. కరణం ఒక్క గీత గీస్తే ఎకరం పోయేది. పోయిందని తెలిసేది ఎప్పుడంటే, ఆ ఎకరంలో వేరేవాడి అరక దిగినప్పుడు.

1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులు రద్దు చేసింది. పల్లెల్లో పండగ చేసుకున్నారని మా నాయన చెప్పేవాడు. మంచిదే. కానీ పోయింది కరణం. కట్ట పోలేదు. కట్ట ముందు తాలూకా ఆఫీసుకు, మండల ఆఫీసుకు పోయింది. ఆ తర్వాత కంప్యూటర్లోకి పోయింది. ఇప్పుడు ఎక్కడుందో, ఎవరు విప్పుతున్నారో కూడా తెలియని చోటికి పోయింది. పాత కరణం ఇల్లు తెలుసు. పోయి అరుగు కింద నిలబడి దణ్ణం పెట్టే వీలన్నా ఉండేది. కొత్త కరణానికి ఇల్లు లేదు, అరుగు లేదు, మొహం లేదు.

మనవాళ్లకిచ్చిన డీకేటీ పట్టా భూమి ఆన్‌లైన్‌లో వేరే పేరు మీద కనిపిస్తే ఆఫీసుకు పోయి అడగండి. "సిస్టంలో అట్టా వచ్చింది" అంటారు. ఎవరు మార్చారు, ఏ రోజు మార్చారు, ఏ కాగితం చూసి మార్చారు అని అడిగితే "సిస్టం" అంటారు. సిస్టం అనేది చెట్టు మీద కాసిందా? దాన్ని ఒకడు రాశాడు. ఒకడు డబ్బులిచ్చి రాయించాడు. ఆ డబ్బులు మనవి.

*

ఇక అసలు సంగతి. 2018 ఏప్రిల్.

ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటు. హైదరాబాదుకు చెందిన పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి చూసి బయటపెట్టాడు. 1.34 లక్షల మంది ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, కులం, మతం అన్నీ అందులో బాహాటంగా ఉన్నాయి. పాస్‌వర్డ్ అక్కర్లేదు. దొంగతనం అక్కర్లేదు. తలుపే లేని ఇల్లు. అదే నెలలో ఇంకో సంగతి పత్రికల్లో వచ్చింది. రాష్ట్రంలో అప్పుడున్న 13 జిల్లాల్లో 50 లక్షలకు పైగా కుటుంబాల ఇళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో కులం వారీగా, మతం వారీగా వెతుక్కునే వీలు ఒక ప్రభుత్వ వెబ్‌సైటే కల్పించిందని. పత్రికలు రాశాక తీసేశారు.

మళ్లీ చదవండి. కులం పేరు నొక్కితే ఇంటి గుర్తు.

ఊరికి దక్షిణాన పల్లె ఉంటుందని మనకు తెలుసు. కారంచేడులో తెలుసుకునే వచ్చారు, 1985 జులై 17న. చుండూరులో తెలుసుకునే వచ్చారు, 1991 ఆగస్టు 6న. అప్పుడు దారి చూపించే మనిషి కావాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ పని ప్రభుత్వమే చేసి పెట్టింది. టౌనుకు పోయి, కులం చెప్పకుండా అద్దెకు ఇల్లు తీసుకుని, పిల్లల్ని చదివించుకుంటున్న మన కుటుంబం కూడా అందులో ఒక గుర్తే. పల్లె దాటి పోయినవాళ్లను కూడా మ్యాపులో వెతికి మళ్లీ పల్లెలో కూర్చోబెట్టారన్న మాట.

అది ఒక్కటే అనుకుంటున్నారా? 2017 మేలో బెంగళూరుకు చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో ఆధార్ నంబర్లు బయట పడి ఉన్నాయని చెప్పింది. ఆ నాలుగింట్లో రెండు మన ఆంధ్రవే. ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, రెండోది చంద్రన్న బీమా. ఉపాధి పనికి పోయేది ఎవరు? మట్టి తవ్వే చేతులు ఎవరివి? 2018 జూన్‌లో అన్న సంజీవని మందుల షాపుల్లో ఎవరు ఏ మందు కొన్నారో పేర్లతో, ఫోన్ నంబర్లతో కనిపించింది. 2019లో ఐటీ గ్రిడ్స్ కేసు. సేవామిత్ర యాప్ కోసం ఓటర్ల సమాచారం వాడారని ఆరోపణ. రెండు తెలుగు రాష్ట్రాలకు చెందిన 7.8 కోట్ల మంది ఆధార్ వివరాలు దొరికాయని పోలీసులకు ఫిర్యాదు. మా సర్వర్లలోంచి ఏమీ పోలేదని ఆధార్ సంస్థ చెప్పింది.

తర్వాత వచ్చిన ప్రభుత్వం 50 ఇళ్లకు ఒక వాలంటీరును పెట్టింది. అందులో మన పిల్లలే ఎక్కువ మంది చేరారు, ఐదు వేల జీతానికి. వాళ్లను నేను తప్పు పట్టను. కానీ ఎవరింట్లో ఎవరున్నారు, ఎవరు పనికి పోయారు, ఎవరికి పింఛను, అంతా ఒక ఫోనులోకి ఎక్కింది. ఆ ఫోను ఎన్నికలప్పుడు ఎవరి మాట వింటుంది? 2024 మార్చిలో ఎన్నికల సంఘం వాలంటీర్లను పింఛన్ల పంపిణీకి దూరంగా పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడున్న ప్రభుత్వం 2025 జనవరి 30న "మన మిత్ర" పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది. ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తగ్గుద్ది, నిజమే, కాదనను. మా పెద్దనాయన కుల ధ్రువీకరణ పత్రం కోసం పోగొట్టుకున్న కూలి రోజులు నేను లెక్కపెట్టినవాణ్ణే. కానీ నా కులం నేను రుజువు చేసుకోవటానికి ఒక అమెరికా కంపెనీ గుమ్మం మీదుగా ఎందుకు పోవాలి? ఇద్దరు మనుషుల మధ్య మెసేజీకి తాళం ఉంటుంది, ఒప్పుకుంటా. సంస్థతో మాట్లాడేటప్పుడు ఆ తాళం అవతలి కొస సంస్థ చేతిలో, ఆ సంస్థ పని అప్పగించినవాడి చేతిలో ఉంటుంది. వాడెవడో మనకు చెప్పరు.

పసుపు, నీలం అని కొట్టుకునే మిత్రులు ఇక్కడ కొంచెం ఆగండి. నేను రెండు పార్టీలనీ వరసగా చెప్పా. కట్ట చేతులు మారింది, అంతే. కట్టలో ఉన్నది మనమే.

*

"మనకి దాచుకునేదేముందన్నా?"

ఈ మాట అనేవాళ్లలో మన చదువుకున్నవాళ్లే ఎక్కువ. ఇది దొరల దగ్గర నేర్చుకున్న మాట. దొర తన ఆస్తి కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేస్తాడు, ఆడిటరుతో గుసగుసలాడతాడు, మనకు మాత్రం "నిజాయితీపరుడికి భయమెందుకు" అని చెప్తాడు. దాచుకోవటానికి మనకే ఉంది. సాక్షి పేరు ఉంది. కులాంతర పెళ్లి చేసుకుని దూరంగా ఉంటున్న పిల్లల అడ్రసు ఉంది. ఆసుపత్రిలో చేరిన ఆడపిల్ల పేరుంది. ఏ పార్టీకి ఓటేశామన్నది ఉంది. పల్నాడులో అది బయటపడితే ఊరు విడిచి పోవాల్సి వస్తుంది. 2019 సెప్టెంబరులో "ఛలో ఆత్మకూరు" అన్న మాట రాష్ట్రమంతా ఎందుకు మోగిందో గుర్తు తెచ్చుకోండి. ఆ ఊరి ఎస్సీ కుటుంబాలు గుంటూరు శిబిరంలో ఉన్న రోజులవి.

ఇంకొందరు వేరే వైపు నుంచి వస్తారు. "జై భీమ్ అని గుండెల మీద రాసుకునేవాళ్లం, కులం దాచుకోవటం ఏంది, అది సిగ్గు కాదా?" అంటారు. మంచి ప్రశ్న. నేను నా కులం నా నోటితో చెప్పటం వేరు, నా కులం నా వెనక ఇంకొకడు జాబితాలో రాసి పెట్టుకోవటం వేరు. మొదటిది ప్రకటన. రెండోది చాటింపు.

"మరి కులగణన అడుగుతున్నారు గదా?" అని మూడో ప్రశ్న. అడుగుతాం. గట్టిగా అడుగుతాం. లెక్క వేరు, జాబితా వేరు. మండలంలో మాదిగలు ఎంతమంది, వాళ్లలో భూమి ఎంతమందికి ఉంది, డిగ్రీ ఎంతమంది చదివారు, ఇది లెక్క. ఇది అందరికీ కనపడాలి. ఫలానా వీధిలో ఫలానా ఇంట్లో ఫలానా మాదిగ మనిషి ఉంది, ఆమె నంబరు ఇది, ఇది జాబితా. ఇది ఎవరికీ కనపడకూడదు. మన రాష్ట్రంలో లెక్క అడిగితే ఏళ్ల తరబడి దొరకదు. జాబితా మాత్రం వెబ్‌సైటులో పడి ఉంటుంది.

చట్టం సంగతి చూడండి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పారు. ఆ తర్వాత 2019లో పార్లమెంటులో పెట్టిన డేటా రక్షణ బిల్లులో కులం, తెగ వివరాలను సున్నితమైన సమాచారంగా విడిగా రాశారు. దానికి ఎక్కువ రక్షణ ఉండాలన్నారు. 2023లో చట్టం అయ్యేసరికి ఆ విడి వర్గమే లేదు. కులమైనా ఒకటే, కాఫీ ఇష్టమో టీ ఇష్టమో అన్నా ఒకటే. పైగా ప్రభుత్వం తనకు కావాల్సిన సంస్థలకు మినహాయింపు ఇచ్చుకోవచ్చు. అదే చట్టం సమాచార హక్కు చట్టంలో 8(1)(జె)ని కూడా మార్చింది. ఇదివరకు వ్యక్తిగత సమాచారమైనా ప్రజలకు అవసరమైతే ఇమ్మని ఆ క్లాజు కిందే వాదించే వీలుండేది. ఇప్పుడు వ్యక్తిగతం అంటే చాలు. 8(2) మిగిలే ఉంది కదా అంటారు. ఉంది. దాని కింద ఇవ్వాలా వద్దా అని ముందు తేల్చేది మళ్లీ ఆ ఆఫీసరే. అంటే మన అసైన్డ్ భూమి ఎవరి పేరు మీదకు పోయిందో అడిగితే అది వాళ్ల గోప్యత. మన కులం, మన ఇల్లు మ్యాపు మీద పెడితే అది పరిపాలన.

*

ఇప్పుడు ఓపెన్ సోర్స్ దగ్గరికి వస్తా.

ఏ ప్రోగ్రాముకైనా మనుషులు రాసిన అసలు రాత ఒకటి ఉంటుంది. దాన్నే సోర్స్ కోడ్ అంటారు. ఎక్కువ కంపెనీలు దాన్ని చూపించవు. అది కరణం పద్ధతి. కట్ట నా దగ్గర, ఫలితం నీకు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ దీనికి ఎదురు తిరిగాడు. ప్రోగ్రామును వాడుకునే హక్కు, విప్పి చదివే హక్కు, పంచుకునే హక్కు, మార్చుకునే హక్కు, ఈ నాలుగూ వాడేవాడికి ఉండాలన్నాడు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి లినక్స్ మొదలుపెట్టాడు. ఇవాళ ప్రపంచంలో సర్వర్లు ఎక్కువ భాగం దాని మీదే నడుస్తున్నాయి. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్నదీ అదే.

కవిలె కట్ట విప్పి చదివే హక్కు. ఇది మనకు కొత్త డిమాండా? మన తాతలు అడగలేకపోయిన డిమాండు.

కానీ ఓపెన్ సోర్స్ పేరు చెప్పి మురిసిపోయే సాఫ్ట్‌వేర్ సోదరులకు కూడా ఒక మాట. "కోడ్‌కు కులం లేదు" అంటారు మీరు. చాపకూడు కథ మాకు చెప్పకండి. అది పుట్టిన నేల మాది. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒక చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడని, మాల కన్నమదాసును సేనాపతిని చేశాడని పల్నాటి కథ చెప్పుద్ది. గొప్పే. కానీ తిన్నాక చెయ్యి కడుక్కుని లేచినప్పుడు చేను ఎవరిది, గాదె ఎవరిది? మీ చాప మీద కూర్చోవాలంటే ముందు ఇంగ్లీషు రావాలి, ల్యాప్‌టాప్ ఉండాలి, రాత్రిపూట ఊరికే పని చేసే తీరిక ఉండాలి. పత్తి ఏరి వచ్చిన పిల్లకు ఆ తీరిక ఎక్కడిది? తలుపు తీసి ఉంచితే చాలదు. గుడి తలుపు కూడా తీసే ఉంటుంది.

దారి మాత్రం ఉంది. బెంగళూరులో ఒక బస్తీలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు, బస్తీ యువకులు కలిసి అంబేడ్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ పెట్టారు. కూలీల పిల్లలు పాత కంప్యూటర్ల మీద ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో బొమ్మలు గీయటం, చదువుకోవటం మొదలుపెట్టారు. తెలుగునాట "స్వేచ్ఛ" సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని చేసింది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు. మన సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఎందుకు కాకూడదు?

*

మేం ఏం చేశామో చెప్తా. గొప్పకు కాదు, ఎవరన్నా చేసుకుంటారని.

సాక్షుల జాబితా పోయాక ఇంకో దెబ్బ తగిలింది. మా సంఘం పేజీ ఒకటి పెద్ద వేదిక మీద ఉండేది. ఆరేళ్ల ఫొటోలు, దాడుల వీడియోలు, ధర్నాలు. ఎవరో గుంపుగా ఫిర్యాదు కొట్టారు. ఒక రాత్రి పేజీ లేదు. అడిగితే జవాబు లేదు. కాపీ లేదు. మన చరిత్రను పరాయి పంచలో దాచుకుంటే పంచవాడు ఎప్పుడు బయటికి నెడతాడో వాడిష్టం.

37 మందిమి తలా 500 వేసుకున్నాం. 18,500 రూపాయలు. ఒక ఆఫీసు అమ్మేసిన పాత కంప్యూటరు, రెండు డిస్కులు, చిన్న యూపీఎస్. నరసరావుపేటలో డిగ్రీ చదివే మన చెల్లెలు ఒకామె డెబియన్ ఎక్కించింది, దాని మీద నెక్స్ట్‌క్లౌడ్ పెట్టింది. రెండూ ఉచితం, రెండూ కోడ్ బయట ఉన్నవే. ఇంటి నెట్ కనెక్షన్‌కు బయటి నుంచి చేరుకునే సొంత చిరునామా ఇవ్వరని అప్పుడే తెలిసింది. నెలకు నాలుగొందల చిల్లరకు బయట ఒక చిన్న సర్వరు అద్దెకు తీసుకుని, అక్కడి నుంచి మా పెట్టెకు వైర్‌గార్డ్‌తో సొరంగం వేసింది. అద్దె సర్వరులో మా కాగితం ఒక్కటీ ఉండదు, దారి మాత్రమే ఉంటుంది. డిస్కు మొత్తానికి తాళం పెట్టింది. పెట్టె ఎత్తుకుపోయినా పాస్‌వర్డ్ లేకుండా అందులో ఏమీ చదవలేరు. ఎక్కడ ఉందని అడగొద్దు.

కష్టాలూ చెప్పాలి. ఒక జూన్‌లో ఉరుములకు కరెంటు కొట్టి ఒక డిస్కు పోయింది. రెండోది ఉంది కాబట్టి బతికాం. అప్పటి నుంచి మూడో కాపీ ఒకటి వేరే ఊళ్లో పెడుతున్నాం. అప్‌డేట్లు వారం వారం చెయ్యాలి. చెయ్యకపోతే సొంత సర్వరు కంటే పెద్ద కంపెనీ సర్వరే నయం, ఇది నిజం. అందుకే ఒక్కడి ఇంట్లో ఒక్కడు నడిపే సరదా కాదిది. చెరువుకు కాపలా వంతులు వేసుకున్నట్టు ముగ్గురు వంతులు వేసుకోవాలి. చెల్లెలు పెళ్లయి పోతే పెట్టె ఆగిపోకూడదు. ఆమె ఇప్పటికే ఇద్దరికి నేర్పింది, ఒకామె పదో తరగతి ఆపేసిన అమ్మాయి.

మాటలకు సిగ్నల్ వాడుతున్నాం. కోడ్ బయట ఉంది, నడిపేది లాభం కోసం పెట్టిన కంపెనీ కాదు. 2021లో అమెరికా ప్రభుత్వం కోర్టు ద్వారా వివరాలు అడిగితే వాళ్ల దగ్గర ఇవ్వటానికి ఉన్నవి రెండే: ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కలిశారు. దాచుకోనిది ఇవ్వలేరు గదా. దాని మీదా షరతులు పెట్టుకున్నాం. సాక్షుల పేర్లు ఏ గ్రూపులోనూ రాయం. తెలియాల్సినవాళ్లు నలుగురే. మెసేజీలు వారానికి మాయం. ఫోనుకు వేలిముద్ర కాదు, అంకెలు. ఎందుకంటే వేలు పట్టుకుని నొక్కించొచ్చు. ఎంత మంచి తాళమైనా రెండొందల మంది గ్రూపులో పని చెయ్యదు. నా తప్పుకు మందు సాఫ్ట్‌వేరులో లేదు, క్రమశిక్షణలో ఉంది. సాఫ్ట్‌వేరు ఆ క్రమశిక్షణకు గోడ కడుతుంది, అంతే.

"పెగాసస్ లాంటిది వేస్తే నీ సర్వరు ఏం చేస్తుంది?" అంటారు. ఏమీ చెయ్యదు. భీమా కోరేగావ్ కేసులో రోనా విల్సన్ కంప్యూటరులోకి నెట్‌వైర్ అనే దొంగ ప్రోగ్రాముతో బయటివాళ్లు ఫైళ్లు పెట్టారని అమెరికాకు చెందిన ఆర్సెనల్ సంస్థ 2021 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. 2019లో వాట్సాప్ ద్వారా నిఘా పెట్టిన వాళ్లలో ఆనంద్ తేల్తుంబ్డే పేరు ఉంది. అంబేడ్కర్ ఇంటి అల్లుడు, 2020లో సరిగ్గా ఏప్రిల్ 14న లొంగిపోయి జైలుకు పోయాడు. అంత పెద్ద గురిని మన పెట్టె ఆపలేదు. కానీ మన పల్లె మీదకు వచ్చేవాడి దగ్గర పెగాసస్ లేదు. వాడి దగ్గర ఉన్నది స్క్రీన్‌షాట్, ఆఫీసులో ఒక బావమరిది, తెరిచి పడేసిన ఒక జాబితా. ఈ మూడింటినీ ఆపగలం. సింహం వస్తుందని నక్కకు తలుపు తీసి పెట్టం గదా.

*

చివరగా మన వినుకొండ జాషువా.

1941లో ఆయన గబ్బిలం రాశాడు. గుడిలోకి అడుగు పెట్టనివ్వని మనిషి తన బాధ కాశీ విశ్వనాథుడికి చెప్పుకోవాలి. ఎవరితో పంపాలి? గబ్బిలంతో. ఎందుకంటే దానికి గుడిలోకి అడ్డు లేదు. ఎప్పుడు చెప్పమన్నాడు? పూజారి లేనప్పుడు, శివుడి చెవి దగ్గర. నాకు ఆ మాట ఇరవై ఏళ్లుగా తెలుసు, అది కరుణ రసం అనుకునేవాణ్ణి. సాక్షుల జాబితా పోయిన రాత్రి మళ్లీ గుర్తొచ్చింది. అది రసం కాదు, జాగ్రత్త. మధ్యలో పూజారి వినకూడదు. చెప్పేవాడికి, వినేవాడికి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. ఎనభై ఏళ్ల కిందట మన మనిషికి తెలిసిన విషయం, చేతిలో ఐదుజీ ఫోను పెట్టుకుని నేను మర్చిపోయా.

కాబట్టి అడుగుతున్నా. ప్రభుత్వాన్ని అడిగేవి నాలుగు. ఒకటి, మన డబ్బుతో రాయించిన ప్రతి ప్రోగ్రాము కోడ్ బయట పెట్టండి. ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్ వాడాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది, కాగితం మీద. రెండు, భూమి రికార్డు మారిన ప్రతిసారీ ఎవరు, ఎప్పుడు, ఏ ఆర్డరుతో మార్చారో ఆ భూమి మనిషికి కనపడాలి. మూడు, కులం వివరాలకు చట్టంలో విడిగా రక్షణ పెట్టండి, బయట పడేసిన ఆఫీసరు మీద కేసు పెట్టండి. నాలుగు, లెక్క ఇవ్వండి, జాబితా మూయండి.

సంఘాలను అడిగేది ఒకటే. అంబేడ్కర్ విగ్రహానికి లక్షలు చందా వేసుకుంటున్నాం. వేసుకుందాం. పల్నాడులో ప్రతి విగ్రహం వెనకా ఒక పెట్టె కూడా పెడదాం. నియోజకవర్గానికి ఒకటి చాలు. కేసు కాగితాలు, పట్టాలు, ఫొటోలు, మన పాటలు, మన చావుల తేదీలు అందులో ఉండాలి. తాళం మన పిల్లల చేతుల్లో ఉండాలి. ముఖ్యంగా ఆడపిల్లల చేతుల్లో.

మాచర్ల తమ్ముడూ, శ్మశానం కోసం మనం వేసిన కేసు కాగితాలు ఎక్కడున్నాయో తెలుసా? నా ఫోనులో ఉన్నాయి. ఆ ఫోను కింద పడి పగిలి నాలుగు నెలలైంది. ఇప్పుడు నవ్వు.

ఆ పెద్దమ్మ ఇవాళ్టికీ సాక్షిగానే ఉంది. మిగిలిన నలుగురిలో ఆమె ఒకటి. మొన్న కలిస్తే "నా నంబరు మళ్లీ యాడా రాయబాక అయ్యా" అంది. రాయను పెద్దమ్మా.

జై భీమ్.

(వచ్చే భాగంలో: ఉపాధి పనిలో రోజుకు రెండు ఫొటోలు, పడని కూలి)